సర్టిఫికెట్ చేతికొచ్చినా మెమోలో క్రెడిట్లు ఎందుకు పడవు?

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో "జాయిన్" నొక్కడం ఒక పని. ఆ కోర్సు పరీక్షకు ఫీజు కట్టి నమోదు కావడం రెండో పని. మన కాలేజీలో, మన యూనివర్సిటీలో ఆ కోర్సును సబ్జెక్టుగా రాయించుకోవడం మూడో పని. మూడింటికీ ఫారాలు వేరు, గడువులు వేరు, చూసేవాళ్లు వేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల కాలేజీల పిల్లలు మొదటి రెండూ శ్రద్ధగా చేస్తారు. మూడోది ఉందని చాలామందికి ఫలితాలు వచ్చాకే తెలుస్తుంది. అప్పటికి సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది, మెమోలో మాత్రం ఆ గడి ఖాళీగా ఉంటుంది. మూడు నెలల కష్టం రెజ్యూమెలో ఒక లైనుగా మిగిలిపోతుంది.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ముందు ఎవరి పని ఎంతవరకో చూడాలి. స్వయం కేంద్ర ప్రభుత్వ వేదిక, 2017 జులై 9న మొదలైంది. దాని మీద కోర్సులు పెట్టేది జాతీయ సమన్వయ సంస్థలు. ఇంజినీరింగ్, సైన్సు కోర్సులు ఎక్కువగా ఎన్‌పీటెల్‌వి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపేది అదే. సాంకేతికేతర డిగ్రీ కోర్సులు కన్సార్టియం ఫర్ ఎడ్యుకేషనల్ కమ్యూనికేషన్ (సీఈసీ) చూస్తుంది, పీజీవి విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) చూస్తుంది. ఇవి కాక ఇగ్నో, బెంగళూరు ఐఐఎం, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వంటివీ ఉన్నాయి. వేదిక ఒకటే అయినా మార్కుల లెక్క సంస్థను బట్టి మారుతుంది. అందుకే కోర్సు పేజీ తెరవగానే పాఠం చెప్పే ప్రొఫెసర్ పేరుకంటే ముందు, అది ఏ సంస్థ కోర్సో చూడండి.

వీళ్లంతా చేసేది పాఠం చెప్పి, పరీక్ష పెట్టి, మార్కులిచ్చి, ఇన్ని క్రెడిట్లకు (డిగ్రీ పూర్తికి కూడబెట్టాల్సిన కోర్సు కొలతలకు) సరిపోయే కోర్సు అని చెప్పడం వరకే. డిగ్రీ ఇచ్చేది మాత్రం మన యూనివర్సిటీ. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల డిగ్రీ కాలేజీలకైతే మహాత్మాగాంధీ యూనివర్సిటీ. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట వైపైతే పాలమూరు యూనివర్సిటీ. బీటెక్ అయితే ఎక్కువగా జేఎన్‌టీయూ హైదరాబాద్. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీలాంటి స్వయంప్రతిపత్తి కాలేజీలకు సొంత అకడమిక్ కౌన్సిల్ ఉంటుంది కాబట్టి అక్కడ నిర్ణయం కాలేజీలోనే జరుగుతుంది. మీ కాలేజీ ఏ కోవలోకి వస్తుందో తెలిస్తే సగం చిక్కు వీడినట్టే, ఎందుకంటే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

నలభై శాతం అంటే ఏమిటి

యూజీసీ 2016లో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 20 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చదవనిచ్చే వీలుండేది. 2021 మార్చిలో దాన్ని 40 శాతానికి పెంచారు. దీన్ని చాలామంది "నాకు 40 శాతం సబ్జెక్టులు ఆన్‌లైన్‌లో చదివే హక్కు ఉంది" అని చదువుకుంటారు. నిబంధనలో ఉన్నది గరిష్ఠ పరిమితి. సెమిస్టర్‌కు 5 సబ్జెక్టులుంటే రెండింటికి మించి అటు పంపడానికి వీల్లేదని దాని అర్థం. ఏ సబ్జెక్టు బదులు ఏ కోర్సు తీసుకోవచ్చో జాబితా ఖరారు చేసేది యూనివర్సిటీ లేదా స్వయంప్రతిపత్తి కాలేజీ. ఆ జాబితాలో లేని కోర్సు ఎంత గొప్పదైనా క్రెడిట్ల లెక్కలోకి రావడం కష్టం.

అదే నిబంధనల్లో విద్యార్థికి అండగా నిలిచే మాట కూడా ఉంది: స్వయంలో సంపాదించిన క్రెడిట్లను బదిలీ చేయడానికి ఏ యూనివర్సిటీ నిరాకరించకూడదు. అయితే ఆ మాట పనిచేయాలంటే మీరు ముందే పద్ధతి ప్రకారం నమోదై ఉండాలి.

క్రెడిట్ల కొలత తేలికే. ఎన్‌పీటెల్‌లో 4 వారాల కోర్సుకు 1 క్రెడిట్, 8 వారాలకు 2, 12 వారాలకు 3. ఇక్కడే ఇంకో ఇబ్బంది ఉంది. డిగ్రీలో చాలా కోర్ పేపర్లు 4, 5 క్రెడిట్లవి. 12 వారాల కోర్సు 3 క్రెడిట్లే ఇస్తుంది కాబట్టి 4 క్రెడిట్ల పేపరుకు అది ఒక్కటే సరిపోదు. మిగిలిన ఒక్క క్రెడిట్‌కు ఇంకో 4 వారాల కోర్సు జోడించవచ్చా అన్నది మీ యూనివర్సిటీ ఒప్పుకుంటేనే. 3 క్రెడిట్ల ఎలక్టివ్ బదులు 12 వారాల కోర్సు తీసుకోవడం అన్నిటికంటే సాఫీగా సాగే దారి. బీటెక్ వాళ్లకు ఇంకో దారి ఉంది: ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం 160 క్రెడిట్ల డిగ్రీ మీద మరో 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా సంపాదిస్తే ఆనర్స్ లేదా మైనర్ ఇవ్వొచ్చు, ఆ అదనపు క్రెడిట్లకు ఆన్‌లైన్ కోర్సులు పనికొస్తాయి. దానికి అర్హత ఏమిటో, ఏ సంవత్సరంలో దరఖాస్తు చేయాలో మీ బ్యాచ్‌కు వర్తించే యూనివర్సిటీ నిబంధనల పుస్తకం, అంటే రెగ్యులేషన్‌లో రాసి ఉంటుంది. సీనియర్ల రెగ్యులేషన్ వేరు, మీది వేరు. వాళ్లు చెప్పింది వాళ్ల బ్యాచ్‌కు నిజమే అయినా మీకు వర్తించకపోవచ్చు.

నమోదు: కోర్సు మొదలవకముందే చేయాల్సినవి

స్వయం ఏడాదికి రెండు సార్లు నడుస్తుంది, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి. మన సెమిస్టర్లు వాటికి కచ్చితంగా అతకవు. అడ్మిషన్లు ఆలస్యమై క్లాసులు ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో మొదలైన ఏడాది, జులై కోర్సు సగం దాటిపోయి ఉంటుంది. కాబట్టి కాలేజీ సర్క్యులర్ కోసం ఎదురుచూడకుండా జూన్ చివర్లో, డిసెంబర్ చివర్లో కోర్సుల జాబితా మీరే చూసుకోవాలి.

నచ్చిన కోర్సు దొరికాక సిలబస్ పేజీ ప్రింటు తీసి, ఏ సబ్జెక్టు బదులు, ఎన్ని క్రెడిట్లకు, ఏ సెమిస్టర్‌లో అని రాసిన దరఖాస్తుతో మీ విభాగాధిపతి దగ్గరికి వెళ్లండి. ఆయనో ఆమెనో సంతకం చేసిన కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. మాటల్లో "చేసుకో అమ్మా, చూద్దాం" అన్నది రేపు ఎగ్జామ్ బ్రాంచ్‌లో చెల్లదు. ఇప్పటికే చదివిన సబ్జెక్టుతో కోర్సు విషయం ఎక్కువగా కలిసిపోతే ఒప్పుకోరు. అదే విషయానికి రెండుసార్లు క్రెడిట్లు ఇవ్వరు కదా. మీ కాలేజీ ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్ అయితే దానికో స్పాక్ ఉంటారు, అంటే ఆ పనులు చూసే అధ్యాపకుడు. ప్రొఫైల్‌లో కాలేజీ పేరు, రోల్ నంబరు సరిగ్గా నింపితేనే మీరు ఆ చాప్టర్ కింద కనబడతారు. "అదర్స్" అని నింపినవాళ్లు ఆ జాబితాలో ఎక్కరు.

మెయిల్ ఐడీ విషయంలో చాలామంది దెబ్బతింటారు. కోర్సులో ఒక ఐడీతో చేరి, పరీక్ష ఫారం ఇంకో ఐడీతో నింపితే అసైన్‌మెంట్ మార్కులు పరీక్ష మార్కులతో కలవవు. నెట్ సెంటర్‌లో ఫారం నింపేటప్పుడు అక్కడివాళ్ల ఫోనులో ఉన్న మెయిల్ లాగిన్ అయి ఉందేమో చూసుకోండి. నాలుగేళ్ల పాటు పనిచేసే సొంత ఐడీ ఒకటే అన్నిటికీ వాడండి.

పేరు ఇంకో పెద్ద సమస్య. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, కాలేజీ రికార్డులో అది చివరికి పోతుంది. పరీక్ష ఫారంలో ఏం రాస్తే సర్టిఫికెట్ మీద అదే అచ్చవుతుంది, తర్వాత మార్చరు. పదో తరగతి మెమోలో ఉన్నట్టు రాయడం అలవాటు, కాలేజీ రికార్డుకు అది సరిపోతుంది. కానీ క్రెడిట్లు జమయ్యే ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. రెండింటిలో తేడా ఉంటే మొదటి సంవత్సరంలోనే ఆధార్ సరిచేయించుకోవడం మేలు.

ఎన్‌పీటెల్ కోర్సులో చేరడానికి, పాఠాలు చూడటానికి, అసైన్‌మెంట్లు చేయడానికి పైసా అక్కర్లేదు. పరీక్షకు కోర్సుకు 1000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులు పత్రం అప్‌లోడ్ చేస్తే సగం తగ్గుతుంది. మీసేవలో తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రం స్కాన్ ముందే సిద్ధంగా పెట్టుకోండి. ఫీజు కట్టని వాళ్ల అసైన్‌మెంట్లు ఎంత బాగున్నా సర్టిఫికెట్ రాదు. ఫీజు గడువు కోర్సు మొదలైన కొన్ని వారాలకే ముగుస్తుంది, చివరి వారం దాకా ఆగదు.

పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, కేంద్రానికి వెళ్లి రాయాలి. ఫారంలో నగరాల జాబితా కనిపిస్తుంది, అందులో మీకు దగ్గరిదాన్ని ముందు పెట్టండి. హైదరాబాద్ పడితే అచ్చంపేట నుంచో, గద్వాల నుంచో ఉదయం 9 గంటల పరీక్షకు ఆ పొద్దున బయల్దేరడం ప్రమాదం. ముందురోజే చేరుకోవాలి, లేదంటే వీలున్న చోట మధ్యాహ్నం 2 గంటల సెషన్ ఎంచుకోవాలి. మిర్యాలగూడ, నల్లగొండ వాళ్లకు రైలు ఉంది కాబట్టి కొంత నయం. రెండు కోర్సులు తీసుకుంటే వాటి పరీక్షలు ఒకే రోజు ఒకే సెషన్‌లో పడకుండా చేరేముందే చూసుకోండి. పరీక్ష తేదీ కోర్సు పేజీలోనే ఉంటుంది. హాల్ టికెట్ ప్రింటు, అసలు గుర్తింపు కార్డు రెండూ ఉండాలి. ఫోనులో చూపిస్తే ఒప్పుకోరు.

మార్కుల లెక్క

ఎన్‌పీటెల్ సాధారణ సూత్రం ఇది: అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లుంటే అందులో బాగా వచ్చిన 8 తీసుకుంటారు. 8 వారాల కోర్సులో 6, 4 వారాల కోర్సులో 3. వాటి సగటును 25కు కుదిస్తారు. పాసవడానికి రెండు షరతులు ఒకేసారి తీరాలి: అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10, పరీక్షలో 75కు కనీసం 30. ప్రోగ్రామింగ్ కోర్సుల్లో ఈ సూత్రం మారుతుంది, కాబట్టి కోర్సు పేజీలో గ్రేడింగ్ అని ఉన్న భాగం చదవందే చేరొద్దు.

"బెస్ట్ 8" అంటే "8 చేస్తే చాలు" అనుకోవడం వేరు, చేయనివాటి సున్నాలు కూడా సగటులోకి వస్తాయని తెలుసుకోవడం వేరు. ఒక విద్యార్థి 12లో మూడే చేసి, మూడింటిలో వందకు వంద తెచ్చుకున్నాడనుకోండి. 300ను 8తో భాగిస్తే 37.5, దాన్ని 25కు కుదిస్తే 9.4. 10 దాటలేదు. పరీక్షలో 90 తెచ్చుకున్నా సర్టిఫికెట్ రాదు. అంటే ఆ 8 అసైన్‌మెంట్ల మొత్తం కనీసం 320 ఉండాలి. 8 వారాల కోర్సులో ఇది 240, 4 వారాల కోర్సులో 120.

రెండో వైపు నుంచి చూద్దాం. ఇంకొకరికి అసైన్‌మెంట్లలో 25కు 24 వచ్చాయి. పరీక్షలో వందకు 38, అంటే 75కు 28.5. మొత్తం 52.5, చూడటానికి పాసే. కానీ పరీక్షలో 30 రాలేదు కాబట్టి ఫెయిల్. అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల నుంచి ఎత్తి రాసేవాళ్లకు సరిగ్గా ఇదే జరుగుతుంది. అసైన్‌మెంట్ ఎంత నిండినా 25 దాటదు; ఆ ప్రశ్నలు సొంతంగా చేసినవాళ్లకే పరీక్ష 75 లోంచి రావలసినవి వస్తాయి. జేఎన్‌టీయూ ఆర్22 (2022 రెగ్యులేషన్)లో సెమిస్టర్ పరీక్షకు 60కి 21 వస్తే చాలు, అంటే 35 శాతం. ఇక్కడ 40 శాతం కావాలి. ఆ అలవాటుతో వెళ్తే ఈ తేడా దగ్గర పడిపోతారు.

సర్టిఫికెట్ మీద 40 నుంచి 59 వరకు మామూలు ఉత్తీర్ణత, 60 నుంచి 74 వరకు ఎలీట్, 75 నుంచి 89 వరకు ఎలీట్ సిల్వర్, 90, ఆపైన ఎలీట్ గోల్డ్. 60 అందుకోవాలంటే అసైన్‌మెంట్లలో 20 ఉన్నవాళ్లకు పరీక్షలో వందకు 54 చాలు. 12 మాత్రమే ఉన్నవాళ్లకు 64 కావాలి. వారానికో గంట పెట్టి అసైన్‌మెంట్ ఒడ్డెక్కిస్తే పరీక్షలో పది మార్కుల భారం తగ్గుతుంది.

అసైన్‌మెంట్ గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59. గడువులోపు ఎన్నిసార్లయినా మళ్లీ సమర్పించవచ్చు, చివరిసారి ఇచ్చిందే లెక్కలోకి వస్తుంది. అందుకే వారం మొదట్లోనే తెలిసినంత వరకు నింపి ఒకసారి సమర్పించి, తర్వాత సరిదిద్దుకోవడం మంచి పద్ధతి. బుధవారం రాత్రి కరెంటో సిగ్నలో పోతే సున్నా పడే బాధ ఉండదు. గడువు దాటాక తలుపు తెరుచుకోదు.

యూజీసీ, సీఈసీ కోర్సుల్లో లెక్క వేరు: అంతర్గత మూల్యాంకనానికి 30, పరీక్షకు 70, రెండింటిలో విడివిడిగా 40 శాతం రావాలి.

పాఠాలు ఇంగ్లిషులో ఉన్నా కొన్ని ఎన్‌పీటెల్ కోర్సులకు తెలుగు అనువాదాలు ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇవి నిజంగా ఆసరా. ఎక్కువ కోర్సుల ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిషులోనే ఉంటుంది కాబట్టి పదాలు రెండు భాషల్లోనూ పట్టుకోవాలి.

మెమోలోకి వచ్చేసరికి మార్కు ఎలా మారుతుంది

సర్టిఫికెట్‌లో 68 ఉంది. మెమోలో ఏ గ్రేడు పడుతుంది? జేఎన్‌టీయూ పట్టికలో 90 పైన ఓ, 80 పైన ఏ ప్లస్, 70 పైన ఏ, 60 పైన బీ ప్లస్, 50 పైన బీ, 40 పైన సీ. పాయింట్లు వరుసగా 10, 9, 8, 7, 6, 5. మొత్తాన్ని నేరుగా తీసుకుంటే 68కి బీ ప్లస్, 7 పాయింట్లు.

యూనివర్సిటీ తన ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ వాటాల్లోకి మార్చి వేస్తే మాత్రం సంఖ్య మారిపోతుంది. ఆ 68లో అసైన్‌మెంట్లవి 23, పరీక్షవి 45 అనుకుందాం. 40, 60 వాటాలకు మారిస్తే 25కు 23 అన్నది 40కి 36.8 అవుతుంది, 75కు 45 అన్నది 60కి 36. మొత్తం 72.8. గ్రేడు ఏ, 8 పాయింట్లు. ఒకే సర్టిఫికెట్, రెండు గ్రేడులు. కాబట్టి మీ దగ్గర ఏ పద్ధతి పాటిస్తారో కోర్సు ఎంచుకునే రోజే అడిగి తెలుసుకోండి.

దీని బరువు ఎంతో చూడండి. 20 క్రెడిట్ల సెమిస్టర్‌లో 3 క్రెడిట్ల కోర్సుకు 9 రావాల్సిన చోట 7 వస్తే ఎస్‌జీపీఏ (ఆ సెమిస్టర్ గ్రేడు పాయింట్ల సగటు) 0.3 తగ్గుతుంది. జేఎన్‌టీయూ సూత్రంలో సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు) నుంచి 0.5 తీసి పదితో గుణిస్తే శాతం వస్తుంది. 60 శాతం గీత మీద ఉన్నవాళ్లకు అలాంటి రెండు కోర్సులు క్యాంపస్ సెలక్షన్ అర్హతనే మార్చేయగలవు. బాగా వచ్చే సబ్జెక్టును వదిలి, పేరు చూసి కఠినమైన ఐఐటీ కోర్సు ఎంచుకోవడం ఎప్పుడూ లాభం కాదు.

ఫెయిలైతే ఏమవుతుంది? మన సప్లీలా రెండు నెలల్లో మళ్లీ రాసేది ఇక్కడ లేదు. ఆ కోర్సు మళ్లీ నడిచే సెమిస్టర్ దాకా ఆగాలి, అది వచ్చే సెమిస్టర్‌లోనే నడుస్తుందన్న హామీ లేదు. అప్పుడు అసలు సబ్జెక్టునే సప్లీగా రాయనిస్తారా అన్నది మీ రెగ్యులేషన్ చెప్పాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకకుండా మాత్రం చేరొద్దు.

ఇదే కారణంతో ఆఖరి సెమిస్టర్‌లో స్వయం కోర్సు పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాం. పరీక్ష ముగిశాక ఫలితానికి కొన్ని వారాలు, అది కాలేజీ నుంచి యూనివర్సిటీకి చేరి మెమోలో ఎక్కడానికి ఇంకొన్ని వారాలు పడతాయి. ఈలోగా పీజీ ప్రవేశాల సీపీజెట్ కౌన్సెలింగ్‌కో ఉద్యోగంలో చేరడానికో ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడుగుతారు. క్రెడిట్లు మొత్తం నిండకపోతే అది రాదు.

ఈ క్రెడిట్లు నిలిచే చోటు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. 2021 జులైలో యూజీసీ దీనికి నిబంధనలు ఇచ్చింది. డిజీలాకర్‌లో విద్యార్థి గుర్తింపు సంఖ్య అయిన 12 అంకెల అపార్ ఐడీ తీసుకోవాలి. దానికి ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది. ఊళ్లో నాన్న పాత నంబరు కలిపి ఉండి, ఆ సిమ్ పోయి ఉంటే పని అక్కడే ఆగుతుంది. ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోవాలి. జమైన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి.

పూర్తి ఆన్‌లైన్ డిగ్రీ వేరే వ్యవహారం. అది 2020 యూజీసీ నిబంధనల కింద అనుమతి ఉన్న యూనివర్సిటీలు ఇచ్చేది, దాని ప్రవేశానికి యూజీసీ దూరవిద్యా విభాగపు డెబ్ ఐడీ కావాలి. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి ఆ పద్ధతిలో లేవు. "ఆన్‌లైన్ బీటెక్" అని ఎవరైనా పాంప్లెట్ పంచితే డబ్బు కట్టొద్దు.

ఇన్ని చేసినా మెమోలో కోర్సు రాకపోతే కంగారు పడి యూనివర్సిటీకి ఉత్త చేతులతో వెళ్లొద్దు. విభాగాధిపతి సంతకం చేసిన మొదటి దరఖాస్తు కాపీ, మార్కులు, క్రెడిట్లు ఉన్న సర్టిఫికెట్ ప్రింటు, ఆ కోర్సు ఏ సబ్జెక్టు బదులో చూపే కౌన్సిల్ జాబితా లేదా సర్క్యులర్, మెమో జిరాక్సు, అపార్ ఐడీ – ఇవన్నీ జతచేసి ప్రిన్సిపాల్ ద్వారా పరీక్షల నియంత్రణాధికారికి దరఖాస్తు ఇవ్వండి. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, ఆ నంబరున్న కాపీ భద్రపరచుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు కౌంటర్‌లో ముందు అడిగేది ఆ నంబరే.